మేజోళ్ళూ, మా ఆయన గురకా

మా ఆయన గురక సంగతి మా కాలనీలో తెలియనివాళ్ళు లేరు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను పిండి ఆరేసి పోయాక రోజుల తరబడి కరెంటు లేదు. ఉక్కునగరం క్వార్టర్లలో ఉన్నవాళ్ళం ఉక్కపోత భరించలేక మేడల మీదా, వరండాల్లోనూ పక్కలు వేసుకున్నాం. మర్నాడు పొద్దున్నే ఎదురింటావిడ కాఫీ గ్లాసుతో వచ్చి, "పడిపోయిన చెట్లు రాత్రంతా రంపంతో కోస్తూనే ఉన్నారనుకున్నాను వదినగారూ, తీరా చూస్తే అన్నయ్యగారు!" అంది. అందరం నవ్వాం. ఆయన అందరికంటే ఎక్కువ నవ్వారు.

మా అత్తగారైతే నా ఫిర్యాదు చెవిన పెట్టేవారే కాదు. "గుర్రెడతన్నాడంటే ఒళ్ళు మరిసి నిద్దరోతన్నాడనే గదే. కష్టపడొచ్చినోడు. దిష్టెట్టకు" అనేవారు. అందుకని నేనే ఏవో చిట్కాలు చేసేదాన్ని. పడుకునే ముందు తేనె ఇచ్చాను. తలగడలు మార్చాను. ఎవరో చెబితే బనీను వెనక జేబు కుట్టి, వెల్లకిలా తిరిగితే గుచ్చుకునేలా అందులో ఓ బంతి కూడా పెట్టాను. ఆయన బంతి మీదే పడుకుని హాయిగా గురక పెట్టారు.

2015లో మా అబ్బాయి చదువుకని హాస్టల్‌కి వెళ్ళగానే వాడి గది ఖాళీ అయింది. నా దిండూ దుప్పటీ తీసుకుని అందులోకి మారిపోయాను. తలుపు వేసుకుంటే సగం చప్పుడు తగ్గేది. ఫ్యాను స్పీడు పెంచితే మిగతా సగం. ఆరేళ్ళు అలా సుఖంగా నిద్రపోయాను. ఆ సుఖం సంగతి తర్వాత చెబుతాను.

2021 ఏప్రిల్. కోవిడ్ రెండో విడత. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్న మా అబ్బాయి ఇంటికొచ్చిన మూడో రోజే జ్వరంతో మంచమెక్కాడు. వాడి గది వాడికిచ్చి తలుపు వేసేశాం. నేను మళ్ళీ మా గదిలోకి రాక తప్పలేదు. ఊళ్ళో ఎక్కడ విన్నా ఆక్సిజన్ మాటే. మహారాష్ట్రకి వెళ్ళిన మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ రైలు ఆ నెలలోనే ఏడు ట్యాంకర్లు నింపుకుని మా స్టీల్‌ప్లాంటు నుంచి బయల్దేరింది. టీవీలో అది చూసి మా ఆయన లేచి నిలబడ్డారు. అప్పటికి ఆయనకి ముప్ఫై ఏళ్ళ పైచిలుకు సర్వీసు. రోలింగ్ మిల్లులో క్రేన్ ఆపరేటర్.

ఆ రాత్రే అనుకుంటాను, అబ్బాయికి మందులిచ్చి వచ్చి పడుకున్నాను. ఆరేళ్ళ తర్వాత ఆ గురక అంత దగ్గరగా వినడం. కాసేపటికి ఠక్కున ఆగిపోయింది. అమ్మయ్య, పక్కకి తిరిగారు కాబోలు అనుకున్నాను. తిరగలేదు. ఛాతీ ఎగరేస్తున్నారు గానీ ముక్కులోంచి గాలి రావడం లేదు, నోట్లోంచీ రావడం లేదు. ఎందుకో లెక్కపెట్టడం మొదలెట్టాను. ఒకటి, రెండు, మూడు... ఇరవై ఆరు దగ్గర నీళ్ళలోంచి పైకి తేలినవాడిలా పెద్దగా ఎగశ్వాస తీసుకుని మళ్ళీ గురక అందుకున్నారు. నిమిషం తిరక్కుండా మళ్ళీ ఆగింది. ఈసారి ముప్ఫై ఒకటి.

అబ్బాయి కోసం కొన్న ఆక్సీమీటర్ బల్ల మీదే ఉంది. నిద్రలోనే ఆయన వేలికి తగిలించాను. 94, 91, 87, 81. ఎర్రటి అంకెలు చీకట్లో అలా దిగిపోతుంటే భుజం పట్టి కుదిపేశాను. ఆయన కళ్ళు తెరిచి, "వాడికెలా ఉంది?" అన్నారు. వాడికి 97 ఉంది. దేశమంతా ఆక్సిజన్ కోసం మా ఊరివైపు చూస్తున్న రోజుల్లో, ఆ ఊళ్ళోనే నా పక్కన పడుకున్న మనిషికి అది చాలడం లేదు.

అబ్బాయి దేవుడి దయవల్ల కోలుకున్నాడు. ఈయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడానికి మాత్రం సెప్టెంబర్ దాకా పట్టింది. "గురకకి కూడా డాక్టరా? నలుగురూ నవ్వుతారు" అని ఒకటే వాదన. చివరికి ఆయన్ని కదిలించింది నా మాట కాదు, గాజువాక చేపల మార్కెట్. ఓ ఆదివారం వంజరాలు తెస్తానని స్కూటర్ మీద వెళ్ళిన మనిషి, ఎర్రలైటు దగ్గర ఆగి, ఒక కాలు నేలమీద ఆనించి, అలాగే నిద్రపోయారట. వెనక లారీవాడు హారన్ కొడితే మెలకువ వచ్చింది. చేపల సంచీ నా చేతికిస్తూ దీన్ని జోకులా చెప్పారు. రాత్రి లైటు తీసేశాక మాత్రం గొంతు మారింది. "ఏమే, ఈమధ్య క్రేన్ ఎక్కాలంటే భయమేస్తోంది. నోట్లో లవంగం పెట్టుకుని కూర్చుంటున్నాను. కింద మనుషులుంటారు" అన్నారు.

ఆ మాట విన్నాక ఇంకా ఆగేదేముంది? మర్నాడే ఛాతీ డాక్టరు గారి దగ్గర కూర్చున్నాం.

ఆయన గొంతు చూశారు, మెడ కొలిచారు, బరువు చూశారు. మా ఆయన మరీ లావేం కాదు. కాస్త పొట్ట, అంతే. తర్వాత డాక్టరు గారు అడిగింది విని నేను పొరపాటున విన్నాననుకున్నాను. "ప్యాంటు మోకాళ్ళ దాకా మడవండి" అన్నారు. గురకకీ మోకాళ్ళకీ ఏమిటి సంబంధం? మా ఆయన బిడియపడుతూ మడిచారు. చీలమండల దగ్గర సాక్సు అంచు లోతుగా దిగి ఉంది. పిక్కల మీద నీలిరంగు నరాలు మెలికలు తిరిగి ఉన్నాయి. అవి నాకు కొత్త కాదు. క్రేన్ క్యాబిన్‌లో ఎనిమిది గంటలు కాళ్ళు వేలాడేసుకుని కూర్చునే ఉద్యోగంలో ఇవి మామూలే అనుకునేవాళ్ళం.

"సాయంత్రానికి బూట్లు బిగుతవుతాయా?"

"అవుతాయి సార్."

"పొద్దున లేచేసరికి వాపు?"

"తీసేస్తుంది సార్. ఏమీ ఉండదు."

"మరి తీసిన నీరు ఎక్కడికి పోతోందనుకుంటున్నారు?"

మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ముప్ఫై ఏళ్ళుగా రోజూ ఆ కాళ్ళు వాస్తూ, తీస్తూ ఉన్నాయి. ఈ ప్రశ్న మాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

డాక్టరు గారు కాగితం మీద మనిషి బొమ్మ గీసి చెప్పారు. కాళ్ళలోని రక్తం పైకి ఎక్కాలంటే సిరల్లో చిన్న చిన్న కవాటాలుంటాయి. నడుస్తున్నప్పుడు పిక్క కండరాలు పంపులా నొక్కి పైకి పంపుతాయి. కవాటాలు పాడైనా, గంటల తరబడి కదలకుండా కూర్చున్నా, నీరు కిందే దిగి చీలమండల దగ్గర చేరుతుంది. పడుకోగానే కాళ్ళూ గుండే ఒకే మట్టానికి వస్తాయి కదా, ఆ నీరంతా మళ్ళీ రక్తంలో కలుస్తుంది. కొంత మూత్రంగా పోతుంది. రాత్రి రెండుసార్లు లేవడానికి అదీ ఒక కారణం కావచ్చు. కొంత మెడ దాకా పాకి గొంతు చుట్టూ ఉన్న మెత్తటి కండలో చేరుతుంది. గొంతు దగ్గర గాలి వెళ్ళే దారికి ఎముక ఆసరా లేదు. నిద్రలో కండరాలు వదులైనప్పుడు ఎలాగూ కుంచించుకుపోతుంది. దానికి ఈ వాపు కూడా తోడైతే పూర్తిగా మూసుకుపోతుంది. ఊపిరాడక మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. మనిషికి తెలియకుండానే రాత్రంతా ఇదే తంతు. ఈ జబ్బు పేరు స్లీప్ ఆప్నియా. అందరికీ కాళ్ళ నీళ్ళ వల్లే రాదు. లావు, దవడ తీరు, ముక్కు దిబ్బడ, వయసు, ఎన్నో కారణాలు. "మీ ఆయన విషయంలో కాళ్ళకీ వాటా ఉందని నా అనుమానం" అన్నారు.

పరీక్ష రాత్రి తలకీ, ఛాతీకీ, కాళ్ళకీ వైర్లు తగిలించారు. గంటకు 44 సార్లు అని తేలింది. అంటే సుమారు ఎనభై సెకన్లకోసారి ఊపిరి ఆగడమో, సగానికి సగం తగ్గడమో జరుగుతోంది. 30 దాటితేనే తీవ్రమైనదని లెక్కట. కాళ్ళకి డాప్లర్ స్కాన్ చేస్తే సిరల్లో కవాటాలు సరిగా మూసుకోవడం లేదని వచ్చింది.

చీటీ మీద రెండు రాశారు. ఒకటి సీప్యాప్ మిషను. ముక్కుకి మాస్కు తగిలించి గాలిని ఒత్తిడితో పంపి గొంతు మూసుకుపోకుండా చూస్తుంది. సిడ్నీలో కాలిన్ సలివాన్ అనే డాక్టరు కనిపెట్టి 1981లో లోకానికి చెప్పారట, నేటికీ ఈ జబ్బుకి ప్రధానమైన వైద్యం అదే. రెండోది మోకాళ్ళ దాకా వచ్చే బిగుతు మేజోళ్ళు. కంప్రెషన్ స్టాకింగ్స్. చీలమండ దగ్గర ఎక్కువ బిగువు, పైకి పోయేకొద్దీ తక్కువ. పొద్దున మంచం దిగకముందే వేసుకోవాలి, రాత్రి పడుకునేముందు విప్పాలి. పగలు నీరు కిందకి చేరనివ్వకపోతే రాత్రి పైకి పాకడానికి ఉండదు. రాత్రి జబ్బుకి పగటి మందు అన్నమాట.

మా అబ్బాయికి ఏదీ ఊరికే నమ్మే అలవాటు లేదు. పరిశోధనల కాగితాలు వెతికి తెచ్చి మాకు తెలుగులో చదివి వినిపించాడు. 2009లో టొరంటో డాక్టర్లు లావు లేని 23 మంది మగవాళ్ళను పరీక్షించారట. రాత్రి కాళ్ళలోంచి ఎంత ఎక్కువ నీరు కదిలితే ఊపిరి అన్ని ఎక్కువసార్లు ఆగింది. పగలు ఎంత ఎక్కువసేపు కూర్చుంటే అంత ఎక్కువ నీరు కదిలింది. కూర్చోవడం అనగానే నాకు క్రేన్ క్యాబిన్ కళ్ళముందు కదిలింది. 2011లో పారిస్‌లో, సిరల జబ్బూ ఈ జబ్బూ రెండూ ఉన్న 12 మందికి వారం రోజులు మేజోళ్ళు తొడిగి చూశారు. గంటకు సగటున 48 సార్లు ఆగేది 31కి దిగింది. పన్నెండు మందే, వారం రోజులే. అయినా మూడో వంతు తగ్గడం తక్కువేం కాదు. "తగ్గింది అమ్మా, పోలేదు" అని మా వాడు రెండుసార్లు చెప్పాడు. మా ఆయన మొదటి ముక్క మాత్రమే విన్నారు.

ఆ మిషను రెండు రాత్రులు పెట్టుకున్నారు. "ఏనుగు తొండంలా ఉంది, మనవడు పుడితే చూసి జడుసుకుంటాడు" అన్నారు. మూడో రోజు డబ్బాలో పెట్టి అటక ఎక్కించేశారు. నలభై వేల పైచిలుకు పోసి కొన్న వస్తువు, పాత ఇత్తడి గుండిగల పక్కన చేరింది. మేజోళ్ళ మీద మాత్రం ఎక్కడలేని భక్తి కుదిరింది.

భక్తి కుదిరినంత మాత్రాన మేజోళ్ళు కాళ్ళకి ఎక్కవు కదా! దుకాణంలో పొద్దున్నే రమ్మని, వాపు లేనప్పుడు చీలమండా పిక్కా టేపుతో కొలిచి ఇచ్చారు. ఇంటికొచ్చి తొడగబోతే మడమ దగ్గరే ఆగిపోయింది. ఆయన లాగుతారు, నేను లాగుతాను. అప్పడాల పిండి సాగదీసినట్టే. చివరికి దుకాణంవాడే కిటుకు చెప్పాడు. మేజోడును మడమ దాకా తిరగేసి, ముందు పాదం సరిగ్గా కూర్చోబెట్టి, అంట్లు తోమే రబ్బరు గ్లవుజులు వేసుకుని అరచేతులతో కొద్దికొద్దిగా పైకి తోయాలి. అంచు పట్టుకుని లాగకూడదు, ముడతలు ఉండకూడదు. విశాఖ గాలిలో తేమ సంగతి చెప్పేదేముంది? మే నెలలో ఒంటి మీద బనీనే బరువు. అలాంటిది మోకాళ్ళ దాకా ఆ బిగువు! దురద. చెమట. ఇద్దరూ మిత్రులు "ఆడవాళ్ళ మేజోళ్ళు ఎప్పట్నుంచిరా?" అని ఏడిపించారట. పట్టించుకోలేదు.

గురక తగ్గింది. నిజంగానే తగ్గింది. రెండు వారాలకి గోడ అదరడం మానింది. రాత్రి లేవడం రెండుసార్ల నుంచి ఒకసారికి వచ్చింది. నేనూ పొంగిపోయాను. చుట్టాలకి ఫోన్లు చేసి మరీ చెప్పాను. ఆ మిషను ఊసెత్తలేదు. ఎత్తితే ఆయనకి కోపం, నాకు గొడవ. చప్పుడు తగ్గింది కదా అని మళ్ళీ హాయిగా నిద్రపోవడం మొదలెట్టాను. మొదట్లో చెబుతానన్న సుఖం ఇదే. ఆరేళ్ళు పక్కగదిలో ఫ్యాను స్పీడు పెంచుకుని పడుకున్నాను. ఆ ఆరేళ్ళూ ఆయన ఊపిరి ఎన్నిసార్లు ఆగిందో విన్నవాళ్ళు లేరు. నాకు ఇబ్బంది గురక. ఆయనకి ప్రమాదం గురక ఆగినప్పుడు. ఈ తేడా తెలిసి కూడా రెండోసారి అదే చెవిటితనం చేశాను.

2022 ఫిబ్రవరిలో బప్పీలహరి గారు పోయారు. మా ఆయనకి 'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్' పాటలంటే ప్రాణం. పొద్దున పేపరు పట్టుకుని అలా కూర్చుండిపోయారు. కారణాల్లో స్లీప్ ఆప్నియా పేరు ఉంది. "ఏమే, ఇది మనదే కదూ?" అన్నారు. మనది అన్నారు, నాది అనలేదు. కాఫీ చల్లారిపోయింది. స్టూలు తెచ్చి తనే అటక మీంచి డబ్బా దించారు.

మార్చిలో మళ్ళీ పరీక్ష. మేజోళ్ళు రోజూ వేసుకుంటూనే ఉన్నారు కాబట్టి వాటి లెక్క తేలిపోతుందన్నారు డాక్టరు గారు. 44 కాస్తా 30 అయింది. మా ఆయన ముఖం వెలిగింది. డాక్టరు గారు పెన్ను మూత పెట్టి, "మంచిదే. మేజోళ్ళు చెయ్యగలిగింది చేశాయి. కానీ 30 అంటే ఇంకా రెండు నిమిషాలకోసారి" అన్నారు. మిషను ఎన్నాళ్ళు వాడారని అడిగితే నేలచూపులు చూశారు. నేనూ నేలే చూశాను. ఆయన తిట్టలేదు. మాస్కు సైజు పెద్దదయిందని చూసి చిన్నది ఇప్పించారు, పొడిబారకుండా నీటి డబ్బా తగిలించారు. ముందు పగలు టీవీ చూస్తూ అరగంట పెట్టుకుని అలవాటు పడమన్నారు. మాస్కు నచ్చకపోతే వెనక్కి వచ్చి చెప్పాలి గానీ అటక ఎక్కించకూడదని అప్పుడు తెలిసింది.

ఈలోగా ఆయన ఇంకో పని చేశారు. మొదటి రిపోర్టు రాగానే తనంతట తానే పైవాళ్ళకి చూపించి కింద పనికి మార్పించుకున్నారు. క్రేన్ ఆపరేటర్‌కి అది చిన్న మాట కాదు. మూడంతస్తుల ఎత్తున కూర్చుని టన్నుల బరువున్న కడ్డీల కట్టని లారీలో పువ్వులా దించే మనిషి, కింద నిలబడి టోకెన్లు రాసుకోవడం ఎలా ఉంటుందో ఆయన నోటితో ఎప్పుడూ చెప్పలేదు. అన్నం తక్కువ తినేవారు, అంతే.

ఆరు వారాలు పట్టింది. ఓ పొద్దున లేచి, "కల వచ్చిందే" అన్నారు. చిన్నప్పుడు భీమిలి తీరంలో గాలిపటం ఎగరేసినట్టు వచ్చిందట. కలలొచ్చి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తులేదు. మిషనులోని చిప్ చదివి గంటకు 4 అని డాక్టరు గారు చెప్పారు. మందుల చీటీ కంటే ముందు ఆయన అడిగింది, మళ్ళీ క్రేన్ ఎక్కొచ్చా అని. పగటి నిద్రమత్తుకి వేరే పరీక్ష పెట్టి, అదీ బాగుందన్నాకే కాగితం రాసిచ్చారు. 2023లో రిటైరయిన రోజు దాకా క్యాబిన్‌లోనే చేశారు, కాళ్ళకి మేజోళ్ళతోనే. గంటకోసారి మడమలు పైకీ కిందకీ ఆడించడం కూడా డాక్టరు గారు నేర్పిన పాఠమే.

ఇప్పుడు కూర్మన్నపాలెంలో సొంతింట్లో ఉంటున్నాం. మా కథ విని పక్కింటి మాస్టారు నేరుగా దుకాణానికి వెళ్ళి మేజోళ్ళు కొనుక్కొచ్చారు. ఆయనకి పాతికేళ్ళ షుగరు, నాలుగడుగులు వేస్తే పిక్కలు పట్టేస్తాయి. మా ఆయన ఆ డబ్బా చేతిలోంచి లాక్కుని ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. కాళ్ళకి రక్తం తీసుకెళ్ళే ధమనుల్లోనే అడ్డు ఉందని తేలింది. అలాంటి కాలికి ఈ బిగువు తగిలితే పుండ్లు పడి పాదానికే ముప్పట. మాస్టారు ఆ మేజోళ్ళు మా ఆయనకే ఇచ్చేశారు. కొలతలు సరిపోలేదు.

మొన్న వేసవిలో ఓ రాత్రి రెండింటికి నాకు మెలకువ వచ్చింది. మిషను చప్పుడు లేదు. కరెంటు పోయింది, ఇన్వర్టరూ పడుకుంది. చీకట్లో చెవి ఒగ్గి అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఆరు దగ్గర ఊపిరి వచ్చింది. మళ్ళీ ఐదు దాకా. నిదానంగా భుజం పట్టి పక్కకి తిప్పాను. మాస్కు తీసి దిండు పక్కన పెట్టాను. కరెంటు వచ్చేసరికి నాలుగు దాటింది. అప్పటిదాకా విసనకర్రతో విసురుతూ కూర్చున్నాను. ఆయనకి ఇంకా చెప్పలేదు.